లింగాన్ని వీపుతట్టుకు తిప్పిన పొద్దు

దగ్గరికి రా తల్లీ. ఆడ గడప కాడ నిలబడుకుంటే నా మాటలో సగం వీధిలో కోళ్ళకు పోతాది. ఇట్ల వచ్చి ఈ చాప మీద కూకో. నీ తెల్లచీరకు మన్ను అంటదులే, పొద్దున్నే అలికినా.

ఇంకా ముందరికి జరుగు. ఆఁ, అట్ల. మామూలుగా నాకు పదిమంది ఎదురుగా కూకుంటేనే గొంతు లేస్తాది. సోమవారం భజనలో చూసినావు గదా? సామి మహిమ చెప్తా ఉంటే చంటిపిల్ల గూడా పాలు తాగేది ఆపి నా మొగమే చూసె. ఈ పొద్దు మాత్రం నువ్వొక్కదానివే చాలు. ఆ తలుపు దగ్గరికేసి రా. గొళ్ళెం పెట్టద్దు. గొళ్ళెం పెడితే ఊరంతా వచ్చి గోడకు చెవులు ఆనిస్తారు.

ఏం పని చేసినావు డాక్టరమ్మా నువ్వు? ఆ పూజారయ్య కాడికి పొమ్మని నీకెవురు చెప్పినారు?

"ఈరక్క చెప్తే జనం ఇంటారు, నేను చెప్తే ఇనరు" అంటివంట. నిజమే, కాదనను. నువ్వు బొమ్మల అట్టలు చంకన పెట్టుకోని మూడూర్లు తిరిగితివి. ఎర్రటి దుంప బొమ్మ చూపిచ్చి ఇది తింటే కండ్లకు మంచిది అంటివి. మావాళ్ళు ఏమనిరి? "ముల్లంగికి ఎర్రరంగు పూసినారే, ఇది యే సంతలో దొరుకుతాది మా?" అని అడిగిరి. క్యారెట్టు అంట! కోడుమూరు సంతంతా ఎతికి చూడు. దొరికితే నాకూ ఒకటి తీసకరా, చూసి సచ్చిపోతా.

సరే, నువ్వు అడిగింది ఒకటి. ఆ పూజారయ్య పెట్టింది ఇంకొకటి. శ్రావణం కడా సోమవారం, ఐదూర్ల జనం మా ఈరన్న సామి గుడికి వచ్చే పొద్దు, నేను మెట్లమీద నిలబడి అరచేతిలో కర్పూరం ఎలిగిచ్చుకోని చెప్పల్లంట. "సామి కలలోకి వచ్చి చెప్పిన ఆకుతోనే నా కోడలికి రేచీకటి పోయింది."

అంతే. ఒక్క మాట. ఎల్లుండే.

మొగం అట్ల పెడతావేమి? మీ గుంటూరు తట్టు కర్పూరం హారతికే ఎలిగిస్తారేమో. మా తట్టు అరచేతిలో ఎలిగిచ్చుకోని చెప్పిన మాటకు తిరుగులేదు. అబద్ధమైతే చెయ్యి బొబ్బెక్కుతాది, నిజమైతే ఎక్కదు. నేను చూసినంతవరకూ అందరికీ ఎక్కినాయి. అది వేరే సంగతి.

నవ్వద్దు. నేను నలభై ఏండ్లుగా సోమవారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. నా పేరు గూడా ఆ సామి పేరే. ఆయన ముందర నిలబడి అబద్ధం ఆడితే నా నాలుక పడిపోతాది. నాలుక పడిపోతే ఈరక్కలో ఇంకేం మిగుల్తాది చెప్పు?

ఇక్కట్టు ఏందంటే తల్లీ, ఆ ఒక్క మాటలో రెండు అబద్ధాలు ఉండాయి.

పుస్తకం మూసెయ్యద్దు. రాసుకో. రాయకూడనిది వచ్చినప్పుడు నేనే చెప్తా.

రెండేండ్ల కిందటి మాట. కర్నూలును రాజధాని చేసి డేరాల్లో కచేరీలు పెట్టినారు చూడు, ఆ ఏడు. అంతకు ముందర వాన లేదు. గంజి కేంద్రం కాడ ముంత పట్టుకోని నిలబడినోళ్ళం మేమంతా. నా మొగుడు ఆ కరువు ముందే పోయె, అదృష్టవంతుడు. నా కొడుకు, పేరు ఉరుకుందు, బండి కట్టుకోని రాజధాని కట్టడాలకు రాళ్ళు తోలేకి పోయె. ఇంట్లో నేనూ, నా కోడలు బసమ్మ. దానికి ఆరో నెల.

తొలి కాన్పు. ఈ ఇంట్లో ఇరవై ఏండ్లుగా ఉయ్యాల కట్టలే. నేను ఎంత మురిసిపోయినానో నీకేం తెలుసు? ఆ మురిపెంలోనే పథ్యం పెట్టినా.

నా పథ్యం ఇను. ఇది రాయదగిందే. మునగాకు వేడి, కడుపు నిలవదు. గుమ్మడికాయ వాతం. పొన్నగంటాకు చలవ. తోటకూర తింటే కాళ్ళకు నీరు దిగుతాది. చెంచలాకు గొడ్లు మేసేది. బెల్లానికి పురుగులు పడతాయి. మజ్జిగకు దగ్గు. బొప్పాయి పేరు ఎత్తితేనే కాన్పయిపోతాది. జొన్నరొట్టె గట్టిది, తింటే బిడ్డ తలకాయ గట్టిదై అడ్డం పడతాది.

ఇవన్నీ తీసేస్తే ఏం మిగిలె? కొత్తగా పెట్టిన మిల్లులో ఆడిచ్చిన తెల్లబియ్యం. దానిమీద కారం. మూడు పూటలా అదే.

అట్ల చూడద్దు నన్ను. ఆ బియ్యం నేను ఎట్ల తెచ్చినా అనుకున్నావు? మాది మెట్ట. వరి అన్నం అంటే మాకు పండగ. ఊరంతా కొర్రలు, జొన్నలు తింటా ఉంటే నా కోడలికి మల్లెపువ్వు మాదిరి అన్నం! నేను సంగటి మింగి దానికి అన్నం పెట్టినా. ఇంటికి ఎవురొచ్చినా తపేలా మూత తీసి చూపిచ్చినా. అడగకపోయినా చూపిచ్చినా.

ఆ మిల్లుబియ్యం ఘనత ఇంకొకటి చెప్తా, ఇది రాసుకోకపోయినా పర్వాలే. మా కరణం ఇంట్లో గూడా ఆ ఏడే దానికి మారిరి. అప్పటినుంచి ఆయప్ప పొద్దున చెంబు తీసుకోని కలబంద కంచె ఎనక్కి పోతే, పొద్దు నడినెత్తికి వచ్చినా తిరిగొచ్చేది లేదు. పని ఉండే రైతులు కంచె ఇవతల నిలబడుకోని "అయ్యా, మా పట్టా సంగతి?" అని అరుస్తా ఉండిరి. ఆయప్ప ఆడినుంచే మూలుగుతా జవాబు చెప్తా ఉండె. జొన్నరొట్టె తినే కూలోళ్ళు మాత్రం పోయినట్టే పోయి వచ్చేస్తా ఉండిరి. అయినా ఎవురికీ అర్థం కాలే. తెల్లగుండేదంతా గొప్పదే అనుకుంటిమి.

నవ్వు, నవ్వు. నువ్వు నవ్వితేనే నాకు చెప్పబుద్ధయితాది.

ఇంక బసమ్మ. పగలంతా బాగనే ఉండె. పొద్దు వాలితే చాలు, మూలన కూకుంటాది. దీపం ముట్టియ్యే అంటే "నువ్వే ముట్టియ్ అత్తా" అంటాది. బర్రెకు కుడితి పెట్టి రా అంటే, తొట్టికి రెండు మూరలు ఇవతల నేలకు పోసి వస్తాది. బర్రె నా తట్టు చూసె, నేను బర్రె తట్టు చూస్తి.

నాకు మండిపోయె. ఏమంటిని తెలుసా? "పగలంతా గుండు మాదిరి ఉంటావు, పొద్దు గుంకితే నీకు బద్దకం పూనుతాదా? మీ అమ్మ నీకు సందెపని నేర్పలేదా? లోకంలో కడుపుతో ఉండేది నువ్వొక్కదానివేనా?"

అది మెల్లిగా లేచె. గోడ పట్టుకోని నడిచె. గోడ పట్టుకునేది గూడా నాకు వయ్యారంగానే కనపడె.

మా వాకిట్లో జొన్నల పాతర ఉండాది, వచ్చేటప్పుడు చూసినావా? బండ మూసినాం చూడు, అదే. నేలలోపల నిలువున్నర లోతు. కరువులో ఖాళీ అయితే గాలి తగలనీ అని బండ తీసి పెట్టింటి. ఒక సందెపొద్దు బసమ్మ చేట పట్టుకోని వాకిట్లోకి వచ్చె. నేరుగా పాతర తట్టే వస్తాండాది. కండ్లు తెరుచుకునే ఉండాది. ఊరికే నడుస్తాండాది.

"బసమ్మా!" అని కేక పెడ్తి. నా జన్మలో అంత గొంతు ఎప్పుడూ లేయలే, భజనలో గూడా.

అది నిలబడె. ఒక కాలు పాతర అంచుమీద. మట్టిపెళ్ళ ఒకటి జారి లోపల పడిన చప్పుడాయె. అప్పుడు అది, "అత్తా, పాతర యాడుంది?" అనె.

యాడుంది అంట! కాలికింద ఉండాది!

పోయి దాని చెయ్యి పట్టుకోని ఈ గడప మీద కూకోబెట్టి, మొగం ముందర నా చెయ్యి ఆడిస్తి. రెప్ప కొట్టలే. "ఎన్నాళ్ళనుంచి?" అంటి. "ఒకటిన్నర నెల" అనె. "నాకెందుకు చెప్పలేదే?" అంటి. "నువ్వు బద్దకం అంటివి గదా అత్తా. నేనూ అదేనేమో అనుకుంటి" అనె.

కొంచెం నీళ్ళు ఇయ్యి. ఆ చెంబులో ఉండాయి.

ఊఁ. తెల్లారినాక కోడుమూరు ఆస్పత్రికి నడుస్తి. నువ్వు అప్పుడు రాలే. కాంపౌండరు జ్ఞానరాజు ఉండె, నీకు తెలుసు గదా, సిలువ తాడు మెళ్ళో ఏసుకోని అందరినీ అవ్వా అవ్వా అంటాడు. నేను దయ్యం అంటి, దిష్టి అంటి. ఆయప్ప అంతా ఇని, "అవ్వా, తిండి. నీ కోడలు తినే తిండిలో కండ్లకు కావల్సింది లేదు" అనె. నాకు కోపమొచ్చె. తెల్లన్నం పెడతాండా అంటి. "అదే అవ్వా, అదే" అనె.

ఆయప్ప చెప్పింది రెండు మాటలు. మాంసం తినేటోళ్ళయితే మేక కార్జం, అదే కాలేయం, పెట్టు, వారం పది రోజుల్లో చూపు తిరుగుతాది. తిననోళ్ళయితే మునగాకో పొన్నగంటాకో రోజూ పిడికెడు, ఒక నూనెచుక్క ఏసి ఉడికిచ్చి పెట్టు, నెలా నెలన్నర పడతాది.

మేము మెళ్ళో లింగం కట్టుకున్నోళ్ళం తల్లీ. మా ఇంట్లో కోడిగుడ్డు మాట ఇనబడితే పోయి నోరు కడుక్కుంటాం. ఇంక కార్జమా!

కానీ నెలన్నర అంటే? నెలన్నర సందెపొద్దులు. పాతర, బావి, పొయ్యి, బర్రె కొమ్ములు. దాని కడుపులో బిడ్డ.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా లింగాన్ని చేతిలో పట్టుకోని అడుగుతా వస్తి. "సామీ, ఆకా, కార్జమా? రెండూ పెడితే ఏమంటావు?" ఆయన ఏం పలకలే. పలకకపోతే ఒప్పుకున్నట్టే అని నేననుకుంటా. నా మొగుడు గూడా బతికినన్నాళ్ళూ అంతే.

ఇప్పుడు రాసేది ఆపు. ఇది పుస్తకంలోకి పోకూడదు.

మా చేను కోరుకు, అదే పంటలో పాలుకు, చేసే దాసన్న ఉండాడు. పక్కూర్లో మారెమ్మ దేవర జాతర జరిగె, మేకలు బలి పడె. దాసన్నను కొట్టం ఎనక్కి పిలిచి గుసగుసగా అడిగినా. వాడు నన్ను కిందినుంచి మీదికి చూసి, "ఏం ఈరక్కా, కుక్కకా?" అనె.

"కుక్కకే."

"మీకు కుక్క లేదు గదా?"

"తెస్తాలేరా!"

వాడు ఇంకేం అడగలే. మంచోడు. ఆముదపాకులో చుట్టి, పైన పచ్చిగడ్డి కప్పి తెచ్చిచ్చె. ఇచ్చేటప్పుడు మాత్రం "కుక్కకు కారం తగ్గిచ్చి ఎయ్యి ఈరక్కా" అనె.

గొడ్ల కొట్టంలో మూడు రాళ్ళు పెట్టి, పనికిరాని ఓటికుండ పెంకు ఎక్కిస్తి. అప్పుడు నా చెయ్యి మెడ మీదికి పోయె. లింగం ఎదురుగా ఉండాది. ఈయన చూస్తా ఉంటే నేనెట్ల చేసేది? తీసి పక్కన పెట్టకూడదు, ప్రాణం పోయినా తీయకూడదు. అందుకని దారం పట్టుకోని మెల్లిగా వీపుతట్టుకు తిప్పినా. "సామీ, కొంచేపు ఆ బర్రెను చూస్తా ఉండు" అంటి.

జన్మలో మాంసం ముట్టలే నేను. ఎట్ల కడగల్లో తెలీదు. పట్టుకుంటే జారిపోతాది. నేను "శివశివా" అంటే అది జారె, మళ్ళా పట్టుకోని "శివశివా" అంటే మళ్ళా జారె. శివుని పేరు చెప్పకుండా పట్టుకుంటే నిలబడె! దాన్ని సన్నగా కోసి, పెంకు మీద పేలాల మాదిరి ఎండేవరకూ ఏంచి, మీ తట్టు వేరుశనగ, వెల్లుల్లి అంటారే, ఆ బుడ్డలు, తెల్లగడ్డ, మిరపకాయలు, రెండు దోసిళ్ళ మునగాకు కలిపి రోట్లో ఏసి దంచినా. తెల్లగడ్డ ఎంత ఏస్తినంటే బర్రె గూడా తుమ్మె.

తొమ్మిది రోజులు లింగం వీపునే ఉండె. ఎల్లకిల పడుకుంటే ఎన్నులో గుచ్చుకుంటాది. సామి నాకు ఏసిన శిక్ష అదే, చిన్నదే ఏసినాడు అనుకుంటి.

మొదటి పూట పొడి ఏస్తే బసమ్మ ముద్ద కలుపుకోని తిని, "శానా బాగుంది అత్తా, దేనితో చేసినావు?" అనె.

"మునగాకుతో."

"మునగాకు వేడి, కడుపు నిలవదు అంటివే?"

నా నోరు చూడు తల్లీ, నన్నడగకుండానే పలికె. "సామి రాత్రి కలలోకి వచ్చి తినొచ్చన్నాడే" అనేస్తి.

ఆ కల పుట్టింది అక్కడ. ముద్ద ముందర.

రెండోసారి దంచేకి పోయినప్పుడు ఒక వింత. మసి పట్టిన పెంకును నేను అట్లనే పారేసి వచ్చింటి. పోయి చూస్తే ఎవురో తోమి, కడిగి, బోర్లిచ్చి పెట్టినారు. దాసన్న పెండ్లామేమో అనుకోని ఊరుకుంటి.

తొమ్మిదో పొద్దు. సందె. నేను పొయ్యి ఊదుతాండా. బసమ్మ గడప కాడ కూకోని నా తట్టు చూసి, "అత్తా, నీ ముక్కుమీద మసి" అనె.

నేను కదల్లే. "ఏ పక్కనే?" అంటి. "కుడిపక్క. ముక్కుపుల్ల కిందనే" అనె.

డాక్టరమ్మా, నా మొగుడు పెండ్లినాడు నన్ను చూసి చంద్రబింబం అనె. ఆ మాట నాకు ఇంత తియ్యగా ఇనబళ్ళే.

పోయి లింగాన్ని ముందరికి తిప్పుకోని, సాష్టాంగపడి, లేచి, అంతటితో నోరు మూసుకోనింటే బాగుండు. మూసుకుంటానా? పదిమంది కనపడితే నాకు ఆగుతాదా? వచ్చే సోమవారం భజనలో కల చెప్పేస్తి. మొదటిసారి సామి తెల్లపంచె కట్టుకోని వచ్చె. రెండోసారికి గుర్రమెక్కి వచ్చె. మూడోసారికి డోలు, సన్నాయి గూడా తోడొచ్చె. ఒకసారి మునగచెట్టు మీదే కూకోనుండె అని చెప్తి. మునగకొమ్మ ఎంత పెళుసో ఊరందరికీ తెలుసు. అంత పెద్దసామి కూకుంటే ఇరగదా అని ఒక్కరూ అడగలే!

అడగకపోగా బిడ్డల్ని తీసుకోని వచ్చిరి. మొదట వచ్చింది నరసన్న. ఆయనా మావాళ్ళే, లింగం కట్టుకున్నాయన. ఐదేండ్ల బిడ్డ, సందెపొద్దు తండ్రి మొగం తడుముకోని గుర్తు పడతాండాది. "ఈరక్కా, ఆ పొడి మాకూ ఇయ్యి" అనె.

మళ్ళా కార్జం యాడ తెచ్చేది? ఎన్ని కుక్కలున్నాయని దాసన్నకు చెప్పేది? అయినా ఇంకొకరి ఇంటి బిడ్డ నోట్లో, వాళ్ళకు తెలీకుండా? నా కోడలి పాపం నాది. వాళ్ళ పాపం నేనెట్ల మోసేది? ఉత్త ఆకుతో చేసిస్తి. మునగాకు, బుడ్డలు, తెల్లగడ్డ. రోజూ ముద్దలో, నూనెచుక్కతో. ఇచ్చేసి దినమూ సందెపొద్దు ఆ ఇంటి ముందునుంచి పనిలేకపోయినా నడుస్తి. బిడ్డ తడుముకుంటానే ఉండాది. ఇరవై రోజులు. ముప్పై రోజులు. "సామీ, అబద్ధం ఆడింది నేను, ఆ బిడ్డ ఏం చేసె?" అని ఏడుస్తి.

నలభై రోజులు దాటినాక, ఒక సందెపొద్దు ఆ బిడ్డ నన్ను దూరం నుంచే చూసి, "పొడి అవ్వ వచ్చె! పొడి అవ్వ!" అని అరిచె.

జ్ఞానరాజుకు చెప్తే, "నేను అదే చెప్తిని గదా అవ్వా" అనె, చాలా మామూలుగా. మనిషి మహా చప్పనోడు. ఒక అద్భుతం జరిగితే కొంచెమన్నా కండ్లు పెద్దవి చెయ్యద్దా?

అట్ల నా అబద్ధం నిజమై కూచునె. ఇప్పటికి పదకొండు మంది బిడ్డలు. అందరూ ఉత్త ఆకుతోనే. నోటిపూత పోయినోళ్ళుండారు, నెత్తురు పట్టినోళ్ళుండారు. కరణం ఇంట్లో గూడా దంపుడు బియ్యానికి తిరిగిరి, ఆకు పప్పు తింటాండారు. ఆయప్ప ఇప్పుడు కంచె ఎనకనుంచి ఎంత తొందరగా వస్తాండాడంటే రైతులు పట్టా సంగతి అడిగేకి ఈలు లేదు.

ఇంద, నువ్వూ తిను. మాటల్లో పడి మర్చిపోతి. జొన్నరొట్టె, ఆ పొడి. తిను తల్లీ. ఏం, చెయ్యి ఆగిపోయె? అయ్యో, ఇది ఉత్త ఆకే! నీకాడ అబద్ధమాడతానా? సరే, నా మీద నమ్మకం లేకపోయేది న్యాయమే. ఇదిగో, ముందర నేను తింటా. చూస్తివా? ఇప్పుడు తిను.

ఎల్లుండి సంగతికి వస్తా. నేను మెట్లెక్కి నిజం చెప్తే ఏమయితాది? కల లేదు అంటే, ఐదూర్ల జనం ఆకు ఊసేస్తారేమో. సామి చెప్పినాడని తింటాండారు గానీ ఈరక్క చెప్పిందని ఎవురు తింటారు? మళ్ళా బిడ్డలు గోడలు పట్టుకోని నడుస్తారు. కార్జం మాట బయటపడితే నా బసమ్మను, దాని బిడ్డను కులంలో ఎవురూ గడప తొక్కనియ్యరు. నిజం చెప్పకపోతే? నా అరచేతిలో నిప్పు, ఎదురుగా సామి. గుళ్ళో ఉండే ఆయనను మాత్రం వీపుతట్టుకు తిప్పలేను గదా.

మూడు రోజులు ముద్ద దిగలే నాకు. నిన్న సందెపొద్దు బసమ్మ వచ్చి నా పక్కన కూకునె. బిడ్డను ఒళ్ళో ఏసుకోని, చిన్నగా అనె. "అత్తా, కర్పూరం నువ్వు పట్టద్దు. నేను పడతా. నేనేం తిన్నానో నాకు తెలుసు."

"ఏం తెలుసే నీకు?" అంటి.

"ఆ పెంకు కడిగింది నేనే" అనె.

మొదటి పూటనే ఓకరం వచ్చి కొట్టంలోకి పోయిందంట. ఆడ పెంకు కాలికి తగిలిందంట. తడిమి, వాసన చూసి, అర్థం చేసుకోని, కూచోని కడిగి బోర్లిచ్చిందంట. మరుసటి పూట వచ్చి "శానా బాగుంది అత్తా, ఇంకొంచెం ఎయ్యి" అనింది. "నువ్వు లింగాన్ని ఎనక్కి తిప్పుకోని నడుస్తా ఉంటివి. నీకు ఎంత కష్టమయిందో నాకు తెలీదా? నేను తినకపోతే ఆ కష్టమంతా మన్నయిపోదా?" అనె.

రెండేండ్లు! నేను దానికి తెలీకుండా పెడితినని రెండేండ్లు కుమిలిపోతి. అది నాకు తెలీకుండా తినిందని ఇప్పుడు చెప్తాది! వీధిలో ఇంతమందికి కతలు చెప్పినా, ఇంట్లో నాకంటే పెద్ద కతకత్తె ఉండాదని తెలుసుకోలే.

రాత్రంతా ఆలోచన చేస్తి. చేసి, చేసి, నాకొకటి తెలిసె. నేను ఇన్నాళ్ళూ తప్పు పాపానికి ఏడుస్తాండా.

కార్జం పెట్టింది పాపం కాదు డాక్టరమ్మా. అయితే అయ్యిండొచ్చు, దానికి నేనూ సామీ తీర్పు చేసుకుంటాం. అసలు పాపం ఏది తెలుసా? అదిగో, కిటికీలో చూడు. కంచె మీద వాలిన ఆ మునగచెట్టు. కరువులో గూడా అది పచ్చగానే ఉండె. పెరట్లో అంత ఆకు పెట్టుకోని, వేడి, వాతం, చలవ అని నా కోడలి నోరు కట్టి, దాని కండ్లు తీసింది నేను. తీసి, మళ్ళా దాన్నే బద్దకపుదానా అని తిట్టింది నేను.

అది అబద్ధం కాదు. దానికి కర్పూరం పట్టొచ్చు. చెయ్యి కాలితే కాలనీ.

ఎల్లుండి మెట్లెక్కి అదే చెప్తా. "కల లేదు. సామి గుర్రమెక్కి రాలే. ఆయన ఊరికే మునగచెట్టు నాటి పెట్టినాడు, ఎప్పుడో. నేనే చూడలే. నా పథ్యంతో నా కోడలిని గుడ్డిదాన్ని చేస్తి. నరసన్న బిడ్డ ఉత్త ఆకు తిని చూస్తాండాది, అదిగో, అడగండి." అంతే. ఇంక నా భజనకు ఎవురూ రారేమో. పొడి అవ్వ కాస్తా కోడలిని గుడ్డిదాన్ని చేసిన అవ్వ అయితాది. పోనీ.

కార్జం సంగతా? ఎవురడుగుతారు? నీకూ, నాకూ, బసమ్మకూ, దాసన్నకూ తప్ప తెలీదు. దాసన్న ఇప్పటికీ నా కుక్క యాడుందని నవ్వుతాడు గానీ నోరు తెరవడు. ఎవురన్నా అడిగితే అబద్ధం మాత్రం ఆడను. దగ్గు వస్తాది నాకు. శానా సేపు వస్తాది.

ఇంక పుస్తకం తెరువు. ఇది రాసుకో, పోయిన ఊర్లో అంతా చెప్పు, ఆ ఎర్రముల్లంగి బొమ్మ పక్కన పెట్టి చెప్పు. నా కత మర్చిపో, కల మర్చిపో, కరణం చెంబు గుర్తుంటే ఉండనీలే. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, దినమూ చెయ్యమని చెప్పు. ఇంట్లో ఉడికిన దాంట్లో పిడికెడు ఆకు ఎయ్యల్ల. ఏసి, అందరికంటే ముందర కోడలికి పెట్టల్ల. అది తిన్నాక అత్త తినల్ల.

బసమ్మా! ఒసే బసమ్మా! డాక్టరమ్మ పోతాండాది, ఇట్ల రా. చెయ్యి కడుక్కోని వచ్చి ముందర నువ్వు కూకో. నేను తర్వాత తింటా.